పుష్యమాసంలో గోరింటాకు

“అది ఇంక మనింటికి రాదండీ. గడువు అయిపోయినా రాదు, చూస్తుండండి,” అన్నాను.

మా ఆయన సన్యాసిరావు గుమ్మంలో కూర్చుని సైకిలు గొలుసుకి నూనె రాస్తున్నారు. తల ఎత్తలేదు. “ఇప్పుడేటయిందని? ఫోనయినా రాలేదింకా. వొచ్చాక ఏడుద్దువుగాని.”

“వొచ్చాక ఏడిస్తే ఏటి లాభం?”

అది ఆదివారం పొద్దున్న, తాల్వియా నుంచి మా అమ్మాయి చైత్ర ఫోను చేసే వేళ. ఆ దేశం ఎక్కడో ఉత్తరాన, ఏడాదిలో సగం మంచు కింద ఉంటుంది. అది అక్కడికి చదువుకి వెళ్ళలేదు, ఉద్యోగానికీ వెళ్ళలేదు. సాక్షిగా వెళ్ళింది.

కొత్తగా అణుబాంబులు చెయ్యబోమని ఒకరికొకరు మాట ఇచ్చుకున్న దేశాలు, ఆ మాట నిలబడుతోందో లేదో చూసుకోవడానికి ఒకరి ఊళ్ళో ఒకరు ఒక మనిషిని ఉంచుతారు. తనిఖీ అధికారులైతే తీసిన తలుపులే చూసి, పెట్టిన భోజనం తిని వెళ్ళిపోతారు. సాక్షి అలా కాదు. అణుకేంద్రం ఉన్న ఊళ్ళోనే, అక్కడి వాళ్ళ ఇంట్లోనే, ఇంటి మనిషిలా ఐదేళ్ళు ఉండాలి. ఆ గాలి పీల్చాలి. మిగతా పని గోళ్ళు చూసుకుంటాయి.

గోళ్ళ సంగతి నేను మొదట మా ఊరి పక్కనున్న ప్రయోగశాలలో చూశాను. చైత్ర అప్పుడే అక్కడ సహాయకురాలిగా చేరింది. దాన్ని సాక్షిగా పంపడానికి ఒప్పించాలని డాక్టర్ భ్రమరాంబగారు నన్ను పిలిపించి, గాజుపెట్టెలో ఒక తెల్లెలకని చూపించారు. పెట్టెకి ఒక సన్నటి గొట్టం తగిలించి ఉంది. నాకు వాసన రాలేదు, పొగ కనబడలేదు. డాక్టరుగారు ఎలకని పట్టుకుని దాని కాలు వెనక్కి తిప్పారు. బియ్యపు నూకంత గోళ్ళు. ఒక్కోదాని మొదట్లో సిరాతో గీసినట్టు నీలం గీత.

బాంబుకి పనికొచ్చేలా యురేనియాన్ని చిక్కబరిచే చోట ఎన్ని తలుపులు మూసినా కంటికానని పొడి కొంచెం గాలిలోకి జారుతుందట. ఆవిడ కనిపెట్టిన మందు ఒంట్లో ఉన్నవాళ్ళు ఆ గాలి పీలిస్తే, కొత్తగా పెరిగే గోటి మొదట్లో ఆ గీత పడుతుంది. కరెంటు తీసే మామూలు కేంద్రం పక్కన ఎన్నాళ్ళున్నా పడదు.

నేను ఎలక మొహం చూశాను. “ఈ మందు పడ్డాక ఇది పిల్లల్ని పెట్టిందాండీ?” అని అడిగాను.

డాక్టరుగారు ఎలకని పెట్టెలో వదిలి మూత వేశారు. “మందు ఒంట్లో ఉన్నంతకాలం పిల్లలు వద్దమ్మా. గడువయ్యాక తీసేస్తాం.”

చైత్ర నా మోచెయ్యి గిల్లింది, ఇంకేమీ అడగొద్దని. నేను పదో తరగతి దాటలేదు. అది ఎంత చదివిందో నాకు చెప్పడం కూడా రాదు. గిల్లితే ఊరుకున్నాను.

అదే సూది నాకూ వేశారు. అక్కడ గీత పడితే అది అక్కడి గాలి వల్లేనా, లేక మందే పాడయిందా అని తేల్చడానికి సాక్షి రక్తసంబంధం ఒకరు ఇంటి దగ్గర ఉండాలట. అందుకని పక్షానికోసారి ప్రయోగశాలకి వెళ్ళి నా గోళ్ళు చూపించి వస్తుంటాను. సూది గురించి నాకు బెంగ లేదు. నా బెంగంతా ఏర్నా.

చైత్ర ఉంటున్న ఇల్లు ఏర్నాది. భర్త పోయాడు, పిల్లల్లేరు. పిల్లలున్న ఆడదైతే పరాయి పిల్లని పరాయిగానే చూస్తుంది. ఏమీ లేనిదానికి నా కూతుర్ని అప్పగించారు.

ఫోను మోగింది. తెర మీద మొదట కనబడింది ఏర్నాయే. నేను చైత్రకి అల్లి పంపిన ఉన్ని శాలువా ఆవిడ భుజాల మీద ఉంది.

“బాగున్నారేటండీ వొదినా?” అంది ఏర్నా. అచ్చం మా ఊరి యాస. చైత్ర దగ్గరే నేర్చుకుంది. వదిన వరస ఎవరు కలపమన్నారో తెలియదు.

“బాగున్నాం,” అన్నాను. శాలువా గురించి అడగబోయి మింగేశాను. ఆవిడ నవ్వి, పొయ్యి మీద ఏదో ఉందని లోపలికి వెళ్ళింది. చైత్ర ముందుకొచ్చి కూర్చుంది.

“అమ్మా, నిన్న ఏర్నా క్యాబేజీకి ఆవ పెట్టి కూర చేసింది. నీ కూర కన్నా ఘాటుగా వొచ్చింది తెలుసా.”

“ఆవపిండి నేను పంపిందే కదే.”

“పిండి నీదే. చెయ్యి ఆవిడిది.”

“ఇంక చాలు తల్లీ, ఇక్కడ నాకు మధ్యాన్నం కూడుండదు,” అన్నారు మా ఆయన, నా మొహం చూసి.

చైత్ర నవ్వుతూ జుట్టు వెనక్కి తోసుకుంది. అప్పుడు చూశాను. గోళ్ళు పదీ ఎర్రగా, నల్లబడేంత ఎర్రగా ఉన్నాయి.

“అదేటే, గోరింటాకా?”

చెయ్యి దించేసింది. “ఊరికే. నువ్వు ఆషాఢంలో పంపిన పొడి మిగిలిపోతే పెట్టుకున్నాను.”

“పుష్యమాసంలో ఎవరైనా పెట్టుకుంటారా? అసలే చలిదేశం. జలుబు చేసి రొమ్ము పట్టేస్తే ఎవరు చూస్తారు? ఆవిడ పెట్టిందా?”

“నేనే పెట్టుకున్నానమ్మా. ఆవిడికి తెలీదు కూడా. పొద్దున్న చూసి బాగుందంది, అంతే.”

కుడిచేతి గోళ్ళ చుట్టూ చర్మం మీదికి పాకి ఉంది. ఎడంచేత్తో పెట్టుకుంటే అలాగే పాకుతుంది. అబద్ధం కాదని తెలిసింది. అయినా కడుపులో మంట తగ్గలేదు. చిన్నప్పటినుంచీ దాని చేతులు నేను పండించినవే. సముద్రాలవతల కూర్చుని, కాలం కాని కాలంలో, ఎవరో బాగుందనడానికి పండించుకుంది. ఆ మాటే అన్నాను. చైత్ర, “నీకు ఎప్పుడూ అదే గోలమ్మా,” అని ఫోను పెట్టేసింది.

ఆ మంట కడుపులో పెట్టుకునే ఆ వారం ప్రయోగశాలకి వెళ్ళాను. భ్రమరాంబగారు నా వేళ్ళు ఒక్కొక్కటే భూతద్దం కింద పెట్టి చూస్తుంటే, ఆగలేక మొదలుపెట్టాను.

“ఆ ఇంట్లో పద్ధతీ పాడూ లేదండీ డాక్టరుగారూ. ఆవిడికి మా పిల్లంటే బొమ్మ. నా శాలువా ఆవిడ కప్పుకుంటాది, నా కూర ఆవిడ వొండుతాది. ఇప్పుడు దాని చేత పుష్యంలో గోరింటాకు పెట్టించింది. అదేమో నేనే పెట్టుకున్నానని వెనకేసుకొస్తాది.”

డాక్టరుగారి చెయ్యి నా బొటనవేలు మీద ఆగిపోయింది. “ఏ వేళ్ళకి?”

“పదింటికీ.”

“గోటి చివర్లకా, మొదటిదాకానా?”

“మొదటిదాకా. చర్మం మీదికి కూడా పాకింది. అయినా మీకు నవ్వులాటగా…” ఆవిడ నవ్వడం లేదు. భూతద్దం బల్ల మీద పెట్టి కుర్చీలో వెనక్కి వాలారు.

“అమ్మా, చైత్ర గోళ్ళ ఫోటో వారం వారం సాక్షులందరి లెక్కా చూసే ప్రపంచ కార్యాలయానికి వెళ్తుంది. గోళ్ళరంగు వేసుకుంటే ఒప్పుకోరు. గోరింటాకుకి మాత్రం మన పార్లమెంటు చట్టంలోనే మినహాయింపు పెట్టింది, మన ఆడపిల్లల ఆచారమని. ఆచారమని రాశారు గాని ఏ నెలలోనో రాయలేదు. అక్కడ ఫోటో చూసేవాడికి ఆషాఢం ఏమిటి, పుష్యం ఏమిటి? ఆచారం అని ముద్ర వేసి పక్కన పెట్టేస్తాడు.”

“అయితే?”

“అంత ఎరుపు కింద నీలం కనబడదు.”

నాకు అర్థమవడానికి కొంచెం సేపు పట్టింది. అర్థమయ్యాక ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. “నేనేమీ అనలేదండి. కుళ్ళుకొద్దీ ఏదో వాగేను. మీరు విననట్టు ఊరుకోండి.”

“ఊరుకుంటే అక్కడ బాంబు తయారవుతుంది. ఒకరు చేస్తే పక్కవాడు ఊరుకోడు. వాడు చేస్తే మనవాళ్ళు ఊరుకోరు.” ఆవిడ నా చెయ్యి వదిలించుకున్నారు. “నా మందు పనిచేసింది. ఇప్పుడు నేను సంతోషించాలి కాబోలు.”

నిజం దాచిన సాక్షికి పద్నాలుగేళ్ళ జైలు. ఆ కాగితం మీద చైత్ర సంతకం చేసినప్పుడు నేను పక్కనే ఉన్నాను.

డాక్టరుగారు పైవాళ్ళకి చెప్పాక అంతా గబగబా జరిగిపోయింది. టీవీ పెడితే తాల్వియా పేరు, ఒక కొండ కింద ఏవో కొత్త కట్టడాల బొమ్మలు. చైత్ర ఫోను రాలేదు. చట్టప్రకారం సాక్షి ఒంటి మీద ఎవరూ చెయ్యి వెయ్యడానికి లేదు, గోరు కత్తిరించడానికీ లేదు. సాక్షి చూపించాలి, లేదా సాక్షి చెప్పాలి. గోరు పెరిగి ఎరుపు తొలిగేదాకా ఆగితే అక్కడ పని పూర్తయిపోతుంది. అందుకని పార్లమెంటు కమిటీ చైత్రని తెర మీద ప్రశ్నిస్తుందనీ, ఇంటి దగ్గర జోడుగా ఉన్న నేను ఎదురుగా హాజరవాలనీ కబురొచ్చింది. ఢిల్లీ విమానంలో మా ఆయన చెయ్యి వదల్లేదు. విమానం కూలినా బాగుణ్ణనిపించింది. మళ్ళీ, కూలితే దానికి ఎవరుంటారు, ఏర్నాయే కదా అనిపించి దణ్ణం పెట్టుకున్నాను.

కమిటీ హాలు బయట మా జిల్లా ఎంపీ కూర్మారావుగారు కనబడ్డారు. చట్టంలో గోరింటాకు మాట పెట్టించింది ఆయనేనట. పొద్దున్నుంచీ తోటి సభ్యులు ఆయన్ని ఆడిపోసుకుంటున్నారు.

“మీ ఆడపడుచుల ఆచారం బాగా కాపాడేరండీ అంటన్నారమ్మా,” అన్నారు, నవ్వలేక నవ్వుతూ. “మీరు భయపడకండి. అడిగిందానికి చెప్పండి. అడగందానికి చెప్పకండి.”

“మా పిల్లని జైల్లో పెడతారాండీ?”

“దేశం తప్పు చేస్తే ఏం చెయ్యాలో వాదించుకోడానికి ఇందరున్నాం. మీ పిల్ల తప్పు చేస్తే వాదించుకోడానికేమీ లేదు. చట్టం అలాగ రాసీసేం.” ఆయన నా కళ్ళలోకి చూడలేదు. “ఎవరైనా బలవంతపెట్టి ఉంటే వేరే సంగతి. అప్పుడు ఇంటికి పంపించీవొచ్చు.”

హాల్లో నా చెవికి ఒక చిన్న యంత్రం పెట్టారు. ఎవరు ఏ భాషలో మాట్లాడినా అది తెలుగులో చెబుతుంది, పాఠం అప్పజెప్పినట్టు. నడిమధ్య కుర్చీలో అధ్యక్షురాలు మృణాళినీ బర్మన్‌గారు, నెరిసిన జుట్టు ఆవిడ. ఎదురుగా గోడంత తెర. తెర మీద చైత్ర, పక్కన ఏర్నా. ఇంటివాళ్ళు పక్కన ఉండొచ్చని నిబంధన ఉందట. పక్కనుండే ఇంటిదాన్ని నేను కాకపోవడం నా గుండెల్లో ముల్లులా గుచ్చుకుంది. చైత్ర చిక్కిపోయింది. చేతులు ఒళ్ళో పెట్టుకుంది. ఈ హాల్లో మాట్లాడేదంతా దానికి వినబడుతూనే ఉంది.

తెల్లమీసాల సభ్యుడు లేచాడు. “మాట తప్పారని తేలిందంటే రేపే చమురు ఓడలు ఆపేద్దాం. గడ్డకట్టుకుపోతే వాళ్ళే తలుపులు తీస్తారు.”

“ఆ చలిలో చమురాపితే ముందు పోయేది ఆసుపత్రుల్లో ఉన్నవాళ్ళు,” అన్నారు కూర్మారావుగారు. “బాంబు చేసేవాడి కొంపలో పొయ్యి ఆఖర్న ఆరుతుంది.”

“మరి మీ గోరింటాకు కూడా పంపిద్దామా, చలి కాచుకుంటారు?”

కొందరు నవ్వారు. కళ్ళజోడు పెట్టుకున్న ఇంకొకాయన, ఇవన్నీ అయ్యే పనులు కావు, విమానాలు పంపి ఆ కొండని లేపెయ్యాలన్నాడు. ఆ కొండ నుంచి ఏర్నా ఇల్లు ఎంత దూరమో ఆయనకి తెలుసా? నాకూ తెలియదు. ఒకావిడ లేచి, తప్పు తేలకముందే శిక్షలు పంచుకుంటున్నారేమిటని కేకలేసింది.

అధ్యక్షురాలు బల్ల మీద అరచేత్తో కొట్టారు. “ముందు ముడిఖనిజం, యంత్రాల భాగాలు ఆగుతాయి. తలుపులు తీయడానికి గడువిస్తాం. చమురు సంగతి సభ ముందు పెడతాం, ఇక్కడ తేల్చం. కాని వీటన్నిటికీ ముందు మనకి సాక్షి మాట కావాలి.” తెర వైపు తిరిగారు. “చైత్రా, నీ గోళ్ళ మీద గోరింటాకు కింద నీలం గీత ఉందా?”

చైత్ర తల దించుకుంది. దాని మనసు నాకు తెలుస్తోంది. ఉందంటే ఆ ఊరి పొయ్యిలు ఆరతాయి. లేదంటే ఇంక ఎప్పటికీ నిజం చెప్పడానికి ఉండదు. ఆవిడ మళ్ళీ అడిగారు. అది పెదవి కదపలేదు.

ఏర్నా దాని కుడిచెయ్యి ఒళ్ళోంచి లాగి కెమెరాకి చూపించింది. నా చెవిలో యంత్రం పలకలేదు. అందరూ చెవులు సవరించుకున్నారు. నాకూ మా ఆయనకీ కూర్మారావుగారికీ మాత్రమే అర్థమయింది. ఏర్నా తెలుగులో, మా ఊరి యాసలో మాట్లాడుతోంది, ఆ యాస యంత్రాలకి అందలేదు.

“నీలం ఉంది. పుష్యం ముందరే వొచ్చీసింది. ఆకు నాను పెట్టేను. ఇది వొద్దు వొద్దనింది. నాను ఇనలేదు. మా ఊరికి చమురాపీస్తారని బలంతంగా చెయ్యి పట్టుకుని పెట్టేను. ఇంటికి పంపించీండి దీన్ని.”

చైత్ర గభాలున తల ఎత్తింది. ఏదో అనబోయింది. ఏర్నా దాని తల తన భుజానికి అదిమి పట్టుకుంది, నోరు తెరవనివ్వకుండా. నా శాలువా అంచు దాని మొహం మీద పడింది.

కూర్మారావుగారు ఒక్కో మాటా హిందీలో చెప్పారు. హాలంతా లేచి మాట్లాడటం మొదలుపెట్టింది. తాల్వియా మాట తప్పినట్టు తేలిపోయింది. ఎవరో బయటికి పరిగెత్తారు, ఫోన్లకి కాబోలు. నేను మాత్రం ఏర్నా మొహమే చూస్తున్నాను. వాళ్ళ దేశం దాచిన గుట్టుని పరాయి దేశం పార్లమెంటులో చెప్పింది. అక్కడివాళ్ళు రేపు ఆవిణ్ణి ఏం చేస్తారో చిన్నపిల్లనడిగినా చెబుతుంది. అదంతా తెలిసే చెప్పింది.

ఆవిడ, ఆకు తనే పెట్టానని చెప్పింది అబద్ధమని ఈ హాల్లో నాకూ మా ఆయనకే తెలుసు. ‘ఆవిడికి తెలీదు కూడా’ అని నా కూతురు నాతో చెప్పింది.

కళ్ళజోడాయన కూర్చోలేదు. “ఇది నమ్మే మాటేనా? చదువుకున్న పిల్ల. దేశం మీద ప్రమాణం చేసి వెళ్ళిన పిల్ల. అద్దెకిచ్చిన ఇంటావిడ చెయ్యి పట్టుకుంటే విదిలించుకోలేదా? ఫోటో పంపేటప్పుడు ఒక్క ముక్క రాయలేదా? ఆవిడ దీన్ని కాపాడ్డానికి చెబుతోంది. ఇద్దరూ కలిసే దాచారు. కేసు పెట్టాల్సిందే.”

అధ్యక్షురాలు ఆయన్ని కూర్చోమని సైగ చేసి నా వైపు తిరిగారు. ఇప్పుడు యంత్రం ఆవిడ మాటల్ని నా చెవిలో మెల్లగా చెప్పింది.

“నూకరత్నంగారూ, మీరు తల్లి. ఆ పిల్ల స్వభావం మీకన్నా ఎవరికీ తెలియదు. ఆ ఇంటావిడ మీ అమ్మాయిని తన కూతురులాంటిదనే అనుకుంటున్నట్టుంది, అది ఆవిడ మాట. నాకు కావలసింది మీ మాట. చట్టానికి కూడా వెరవకుండా, ప్రమాణాన్ని కూడా పక్కన పెట్టి, మీ అమ్మాయి ఆవిడ మాట వింటుందా? మీ మాట కన్నా ఎక్కువగా వింటుందా?”

మా ఆయన వెనక కుర్చీలోంచి నా భుజం మీద చెయ్యి వేశారు.

ఎన్ని ఆదివారాలు ఆ తెర ముందు కూర్చుని, ఇది నిజం కాకూడదని మొక్కుకున్నానో. శాలువా ఎవరు కప్పుకున్నా, కూర ఎవరు వండినా, చివరికి పిల్ల నాదేనని, నా మాటే దానికి మాటని, ఎవరూ అడక్కపోయినా ఊరందరికీ చెప్పుకు తిరిగాను. ఇవాళ దేశం మొత్తం కూర్చుని అడుగుతోంది. తెర మీద చైత్ర ఆ భుజం మీంచి తల తిప్పి నన్నే చూస్తోంది. ఏర్నా కూడా చూస్తోంది. ఆవిడ కళ్ళలో దయ గాని, గెలిచానన్న ధీమా గాని లేవు. ఊరికే ఎదురుచూస్తోంది, నేను ఆవిడకి ఏదో అందివ్వాలన్నట్టు.

అధ్యక్షురాలు తొందరపెట్టలేదు. కళ్ళజోడాయన ఏదో అనబోతే ఆవిడ చెయ్యెత్తి ఆపారు. ఎవరో మంచినీళ్ళ గ్లాసు నా ముందుకి జరిపారు. నేను తాగలేదు. లేచి నిలబడ్డాను.

“వింటుందండి. నా మాట కన్నా ఆవిడ మాటే వింటుంది.”